‘చెస్టర్’ పేర్లు పెట్టింది రోమన్లేనా?

మాంచెస్టర్ గురించిన చర్చలో ఒకరు “చెస్టర్ అంటే లాటిన్‌లో కోట, కాబట్టి చెస్టర్‌తో ముగిసే ఇంగ్లండ్ ఊళ్ళ పేర్లన్నీ రోమన్లు పెట్టినవే” అన్నారు. మొదటి సగం దాదాపు సరే. లాటిన్ ‘కాస్ట్రా’ అంటే సైనిక శిబిరం, దాన్నుంచే చెస్టర్ వచ్చింది. రెండో సగం మాత్రం ఒప్పుకోలేను. ఒక చిన్న ఊరిని చూస్తే విషయం తేలిపోతుంది.

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ జిల్లాలో రిబుల్ నది ఒడ్డున రిబ్‌చెస్టర్ అనే పల్లె ఉంది. క్రీ.శ. 70లలో రోమన్లు అక్కడ మట్టితో, కలపతో కోట కట్టారు, తర్వాత రాతితో తిరగ్గట్టారు. ఆ చోటును వాళ్ళు పిలిచింది ‘బ్రెమెటెన్నాకుమ్ వెటెరనోరుమ్’ అని. అందులో మొదటి మాట లాటిన్ కూడా కాదు, అక్కడివాళ్ళ కెల్టిక్ భాషది. హోరుమనే నీటికి సంబంధించిన ధాతువు అందులో ఉందని స్థలనామ పండితులు అంటారు. రెండోది అచ్చంగా లాటిన్: సర్వీసు ముగిసిన సైనికులది అని అర్థం. మనం పేపర్లో రోజూ చూసే ‘వెటరన్’ ఇదే.

ఎవరా సైనికులు? 175లో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి డాన్యూబ్ ప్రాంతపు సర్మేషియన్లతో సంధి చేసుకున్నాడు. వాళ్ళిచ్చిన 8,000 మంది రౌతుల్లో 5,500 మందిని బ్రిటన్‌కు పంపాడని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. సర్మేషియన్ రౌతుల దళాన్ని పేర్కొన్న శాసనాలు రిబ్‌చెస్టర్‌లో దొరికాయి. ఎక్కడి డాన్యూబ్, ఎక్కడి రిబుల్! తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఐదో శతాబ్దం మొదట్లో రోమన్ పాలన పోయింది. తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ళకు పాత పేరుతో పనిలేకపోయింది. శిథిలమైన గోడలు కనిపించాయి, పక్కన నది ఉంది, ‘రిబుల్ దగ్గరి కోట’ అన్నారు. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో అది ‘రిబెల్‌కాస్ట్రె’. మన దగ్గర పాడుపడిన ఊరి చోటును పాటిదిబ్బ అంటామే, అలాంటిదే ఇది: తర్వాత చూసినవాళ్ళు పెట్టిన పేరు, ఉన్నవాళ్ళు పెట్టుకున్నది కాదు. మాంచెస్టర్ సంగతి కాస్త వేరు. అక్కడ ముందు భాగంలో రోమన్ల నాటి పేరు ‘మముకియుమ్’ ఛాయ మిగిలింది, వెనక చెస్టర్ చేరింది.

రిబ్‌చెస్టర్‌లో ఇప్పుడేం మిగిలిందని ఒకరు అడిగారు. కోటలో కొంత భాగాన్ని నది కోసేసింది, కొంత సెయింట్ విల్‌ఫ్రిడ్ చర్చి కింద ఉంది. మ్యూజియం వెనక ధాన్యపు కొట్ల పునాదులు చూడొచ్చు. వైట్ బుల్ అనే పబ్బు ముందున్న స్తంభాలు రోమన్ కాలంవేనని ప్రతీతి. అన్నిటికన్నా గొప్పది 1796లో దొరికిన కంచు శిరస్త్రాణం. చెక్క అడుగు బూట్లు చేసే ఒకాయన కొడుకు ఆడుకుంటుంటే బయటపడిందట. ముందు మనిషి ముఖం, కళ్ళ దగ్గర చూడ్డానికి సందులు, తలమీద యుద్ధం చేస్తున్న సైనికుల బొమ్మలు. యుద్ధానికి కాదు, రౌతుల ప్రదర్శనలకు వాడినది. అసలుది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఊరి మ్యూజియంలో నకలు పెట్టారు.

ఉచ్చారణ గురించి ఒక మాట. అదే జిల్లాలో లాంకాస్టర్‌లో ‘కాస్టర్’ నిలిచింది, రిబ్‌చెస్టర్‌లో ‘చెస్టర్’. ఇంకొన్నిచోట్ల రాతలో అక్షరాలు మిగిలినా నోట్లో అరిగిపోయాయి. క్రికెట్ వార్తల్లో మనవాళ్ళు లీసెస్టర్, గ్లూసెస్టర్ అని రాస్తుంటారు గానీ అక్కడివాళ్ళు అనేది లెస్టర్, గ్లాస్టర్. మనం కూడా అలాగే రాయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?