మూత్రపిండం వడకట్టిందంతా మళ్లీ ఎందుకు పీల్చుకుంటుంది?

శ్రీకాకుళంలో నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది ఉద్దానం. మూత్రపిండాల జబ్బు మా ఊళ్లలో కొత్త మాట కాదు కనుక ఈ పాఠాన్ని బట్టీ పట్టి వదిలేయలేకపోతున్నాను. రెండు మూత్రపిండాలూ కలిసి రక్తం నుంచి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. మూత్రంగా బయటికి వచ్చేది ఒకటిన్నర లీటరే! మిగతాదంతా మూత్రపిండాల్లోని సన్నని గొట్టాలు, అంటే నాళికలు, తిరిగి పీల్చుకుంటాయి. మరి అంత శ్రమ ఎందుకు? చెత్తను మాత్రమే ఏరి పారేయవచ్చు కదా?

ఇంకొక సందేహం. నెఫ్రాన్లు (మూత్రపిండంలో వడకట్టే చిన్న చిన్న భాగాలు) సగం దాకా పాడైనా రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపే ఒక వ్యర్థం) మామూలుగానే కనిపించవచ్చని చదివాను. మిగిలినవి ఆ భారం ఎలా మోస్తాయి? పెదనాన్న రిపోర్టు చూసినప్పటి నుంచీ ఇదే తొలుస్తోంది. జీడితోటలో పనిచేసే మా అమ్మకు కూడా చెప్పగలిగేంత తేలికగా వివరించండి.