గండికోట లోయ బ్లాక్ అండ్ వైట్‌లో చప్పగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
లోయ అంచు నుంచి పొద్దున్నే తీసిన ఫోటో. రంగుల్లో బ్రహ్మాండంగా ఉంది: ఎర్ర బండలు, అడుగున పచ్చటి పెన్న నీళ్లు, పైన నీలాకాశం. శాచురేషన్ (రంగుల గాఢత) సున్నా చేస్తే మాత్రం బండా నీళ్లూ ఒకే బూడిద రంగులో కలిసిపోతున్నాయి. కాంట్రాస్ట్ పెంచితే నీడలు పూడుకుపోతున్నాయి. దారి చెప్పండి.

జవాబు 1:
శాచురేషన్ జోలికి పోకండి. రంగులు వేరైనా వెలుగు సమానంగా ఉంటే బూడిదలో తేడా తెలియదు. రా ఫైల్ (కెమెరా దాచిన అసలు ఫైల్) తెరిచి, ఒక్కో రంగు బూడిదలో ఎంత వెలుగుగా కనిపించాలో మార్చే బ్లాక్ అండ్ వైట్ మిక్సర్‌లో రెడ్, ఆరెంజ్ పెంచండి, బ్లూ తగ్గించండి. బండ పొరలు తేలతాయి, ఆకాశం ముదురుతుంది. 1927లో అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే కొండను తీస్తూ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ముదురు ఎరుపు ఫిల్టర్‌తో ఆకాశాన్ని నల్లబరిచింది ఈ సూత్రంతోనే. బ్లూ మరీ కిందికి లాగితే ఆకాశంలో నాయిస్ (గరుకు చుక్కలు), కొండ అంచున తెల్ల గీత వస్తాయి.

జవాబు 2:
నాకైతే గండికోట బండ తెల్లబడితే అస్సలు నచ్చదండీ. ఆ రాయికి ఉన్న బరువే పోతుంది. ఆరెంజ్ కొద్దిగా పెంచి ఆపేయండి. పగుళ్లలో మొలిచిన తుప్పలకు గ్రీన్ కన్నా ఎల్లో బాగా పనిచేస్తుంది.

ప్రశ్న వేసినవారు:
ఆరెంజ్ కొంచెమే పెంచాను, బ్లూ సగానికి దించాను. ఎడమ గోడ మీద అడ్డపొరలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి! నీళ్లు ఇంకా లేత రంగులోనే ఉన్నాయి.

జవాబు 1:
గ్రీన్, ఆక్వా కాస్త దించండి. తుప్పలు కూడా నల్లబడితే మార్పు నీళ్లకే పరిమితమయ్యేలా అంతవరకే మాస్క్ వేయండి.