సమస్యాపూరణం: మరుగుదొడ్డి వచ్చి మావుఁ జంపె

సంచాలకులు: నిన్న రాత్రి 1962 నాటి ‘లోన్లీ ఆర్ ది బ్రేవ్’ మళ్ళీ చూశాను. కార్లు పరుగెత్తే న్యూ మెక్సికోలో గుర్రమెక్కి, జేబులో గుర్తింపు కార్డయినా లేకుండా తిరిగే కౌబాయ్‌గా కిర్క్ డగ్లస్. జైలును, జీపులను, హెలికాప్టరును దాటుకుని కొండ దిగి వస్తే ఎదురయ్యేది ఒక లారీ. దాని సరుకు చూశాక నాకు నిద్ర పట్టలేదు, ఈ పాదం పుట్టింది (మావు అంటే గుర్రం). కథ ముగింపు చెప్పేశానని తిట్టకండి, సినిమాకు అరవై ఏళ్ళు దాటాయి.

*మరుగుదొడ్డి వచ్చి మావుఁ జంపె*

పాలపిట్ట:

వాన రాత్రి దాటవలసిన బాటపై
లారి దీపకాంతి లాగి కొట్ట
బెదరి నిలిచెఁ గాదె పింగాణి బరువుతో
మరుగుదొడ్డి వచ్చి మావుఁ జంపె

గోదారిగట్టు: ‘లాగి కొట్ట’ దగ్గర ఆగిపోయాను. తడిసిన రోడ్డు మీద హెడ్‌లైట్లు పడగానే విస్కీ (గుర్రం పేరండీ, నన్ను అనుమానించకండి) ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ఆ వెలుగు చెంపదెబ్బే. ‘పింగాణి బరువు’ మరీ బాగుంది.

చండశాసనుడు: పద్యం బాగుంది, కాని అబద్ధం. లారీ గుద్దింది, నిజమే. చంపింది మాత్రం తుపాకి. పడిపోయిన గుర్రం అరుస్తూంటే, తెర మీద చూపకుండా ఒక్క మోత వినిపిస్తారు. ‘జంపె’కు సమర్థన ఏదీ?

పాలపిట్ట: దశరథుణ్ణి చంపింది పుత్రశోకమే గాని కైక కాదని మీరు తీర్పు రాసిన రోజున నేనూ సవరించుకుంటాను.

కొలిమి: లారీని పక్కన పెట్టి చూడండి.

తీఁగముళ్ళు నాటి దిక్కులు మూయఁగా
బయలు పోయె నింక బ్రతుకు పోయె
పరువులెత్తు కాళ్ళు బందయ్యెఁ గంచెల
మరుగు దొడ్డి వచ్చి మావుఁ జంపె

గోదారిగట్టు: అబ్బ! ‘కంచెల మరుగు’ అని విరిచి, దొడ్డిని పశువుల దొడ్డి చేశారు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంటు పుచ్చుకున్న నాడే విస్కీకి నూకలు చెల్లాయన్నమాట. సినిమా మొదట్లో మన కౌబాయ్ జాక్ బర్న్స్ చేసే పని కూడా అదే కదా, కంచె తీగ కత్తిరించి గుర్రాన్ని అవతలికి నడిపిస్తాడు. సంచాలకులు చివరి లారీని చూశారు, కొలిమి గారు మొదటి తీగను చూశారు.

చండశాసనుడు: ‘నింక బ్రతుకు’లో ‘క’ గురువు కాదా? గణభంగం.

కొలిమి: తెలుగు మాట మొదట్లో ఉన్న రేఫకు (‘బ్ర’లోని ర ఒత్తుకు) ముందరి పదాన్ని బరువెక్కించే శక్తి లేదు. ఈ సంగతి సంక్రాంతి సమస్యలో మీరే నాకు చెప్పారు. అప్పుడు పద్యం మీది.

పాలపిట్ట: గురులఘువుల సంగతి అలా ఉంచండి. అసలు ‘ఇంక’ అక్కడికి ఎందుకు వచ్చింది? గణం నిండడానికి. ‘బందయ్యె’ను అరసున్న పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు. విరుపు మాత్రం ఈ ఏడాదికి ఇదే.

ఆశుధార: నా వంతు.

లారి మోసె నేది? వారెట్లు పట్టిరి?
రౌతు దేని నెక్కి రాత్రి పోయె?
తాళ మేది పాట తగునట్లు పాడంగ?
మరుగుదొడ్డి, వచ్చి, మావుఁ, జంపె

కొలిమి: వచ్చేసింది క్రమాలంకారం, ప్రశ్నలకు వరుసగా జవాబులు! సమస్య కొరుకుడు పడని ప్రతిసారీ ఆశుధార గారు ప్రశ్నపత్రం తయారుచేస్తారు. పైగా కౌబాయ్ పాటకు జంపె తాళమా? ఆ సినిమాకు సంగీతం కూర్చిన జెర్రీ గోల్డ్‌స్మిత్‌కు తెలిస్తే ఎంత మురిసిపోయేవారో.

ఆశుధార: ‘దేని నెక్కి’ అని అడిగాను కనుకనే ‘మావుఁ’లో అరసున్న చెక్కుచెదరలేదు. అది చూడరు. లారికి ‘వారె’తో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొంతన) కుదిరింది, అదీ చూడరు. సంక్రాంతి సమస్యలో ‘క్ష’కు ‘శ’తో యతి వేసిన మహానుభావులకు కనిపించకపోవడంలో వింత లేదు.

కొలిమి: క్షలో ష ఉంది, షకు శతో మైత్రి ఉంది. తప్పేమిటి?

చిట్టికలం: కొత్తవాణ్ణి, పెద్దలు మన్నించాలి. రెండో పాదం మాత్రమే కుదిరింది. హెలికాప్టరు తోకను రైఫిలుతో కొట్టే ఘట్టం:

కొండ లెక్కి తాను తుపాకిఁ బేల్చె

చండశాసనుడు: బాబూ, ‘తుపాకి’ జగణం. ఆటవెలది గడప దాటనివ్వదు. యతి కూడా లేదు.

పాలపిట్ట: చిట్టికలం గారూ, ‘కొండ లెక్కి తాను గుండు పేల్చె’ అనండి. గణమూ యతీ రెండూ దారికొస్తాయి. మూడో పాదంలో అతణ్ణి కొండ దించి రోడ్డు మీదికి తెస్తే చాలు, నాలుగోది ఎలాగూ సిద్ధంగా ఉంది.

సంచాలకులు: విరుపుకు నా ఓటు కొలిమి గారికి, దృశ్యానికి పాలపిట్ట గారికి. క్ష–శ యతి మీద తీర్పు చెప్పమని ఇద్దరు విడివిడిగా రాశారు. ఆఖరున రోడ్డు మీద పడి ఉన్న మనిషిని చూపి ‘ఇతనేనా?’ అని అడిగితే, దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, చెప్పలేనంటాడు వాల్టర్ మాథావ్ వేసిన షెరీఫు. నాదీ అదే వాఙ్మూలం.

ఆశుధార: అంటే తప్పనే కదా!

కొలిమి: ఒప్పనే కదా!