‘ప్రార్థించే మిడత శైలి’ని తెలుగులో ఏమని పిలవాలి?

వుషు అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, మూడేళ్ళ నుంచి వుషు అనే చైనా యుద్ధవిద్య నేర్చుకుంటోంది. వచ్చే శనివారం వాళ్ళ స్కూల్ వార్షికోత్సవంలో ఆరుగురు పిల్లలు ఆ విద్యలో జంతువుల్ని చూసి కట్టిన విన్యాసాలు చేస్తారు, మైకులో తెలుగు వ్యాఖ్యానం నన్ను చెప్పమన్నారు. చేతికిచ్చిన కాగితంలో ‘ప్రార్థించే మిడత శైలి’, ‘తెల్ల క్రేన్ శైలి’, ‘కోతి ముష్టి’ అని ఉంది. ఇంగ్లీషు పేర్లను ముందు పెట్టుకుని మాటకు మాట దించేశారు. అది చదివిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. పిల్ల రోజూ సాయంత్రం డాబా మీద చెమటలు కక్కుతూ చేసే పనికి ఈ పేర్లు పెట్టి చదవడానికి నాకు నోరు రావడం లేదు.

ముందు మిడత సంగతి. చైనాలో దీని పేరు తాంగ్‌లాంగ్ చ్వాన్. తాంగ్‌లాంగ్ అంటే ముందుకాళ్ళు మడిచి పెట్టుకుని, కదలకుండా కూర్చుని, దగ్గరికొచ్చిన ఈగనో సీతాకోకచిలుకనో లటుక్కున పట్టేసే పచ్చ పురుగు. చ్వాన్ అంటే పిడికిలి, దాన్నుంచే వట్టిచేతులతో పోరాడే పద్ధతి మొత్తానికీ ఆ మాటే వాడతారు. ఈ పేరులో ఎక్కడా ప్రార్థన లేదు. ఆ మడిచిన కాళ్ళలో ఐరోపావాళ్ళకు చేతులు జోడించిన భక్తుడు కనపడ్డాడు, చైనావాళ్ళకు కొక్కెం కనపడింది. షాన్‌డోంగ్ వైపు చెప్పుకునే కథలో వాంగ్ లాంగ్ అనే ఆయన పోరులో ఓడిపోయి వచ్చి దిగులుగా కూర్చుంటే, ఈ పురుగు చెట్టు మీద రొదపెట్టే కీచురాయిని పట్టి లొంగదీయడం చూశాడట. ఎదుటివాడి చేతిని వంచిన వేళ్ళతో తగులుకుని, కిందికి లాగి, అదే ఊపులో రెండో చేత్తో కొట్టడం, ఈ విద్యకు ప్రాణం అదే. మా అమ్మాయికి ఆ మణికట్టు వంపు కుదరడానికే నెలలు పట్టింది.

నేను అడిగేవి రెండు. ఈ పురుగును గొల్లభామ అనొచ్చా? ‘శైలి’ బదులు మన మాట ఏదైనా ఉందా?

గోదారి గట్టు:
గొల్లభామే అండీ, సందేహం వద్దు. మిడత మాత్రం అనకండి. మిడతకు బలమంతా వెనకకాళ్ళలో, ఆకు తిని గంతేసి పోతుంది. ఇది వేటాడేది, బలమంతా ముందుకాళ్ళలో. చేతులతో చేసే విద్యకు దీన్ని ఎందుకు ఎంచుకున్నారో ఆ ఒక్క తేడాలోనే తెలిసిపోతుంది, మిడత అన్నారంటే ఆ కారణమే పోతుంది.

ఇంకొక్క ముచ్చట. దీని ఇంగ్లీషు పేరు మాంటిస్ గ్రీకు నుంచి వచ్చింది, గ్రీకులో ఆ మాటకు జోస్యుడని అర్థం. మన కథల్లోనూ మిడత పేరు పెట్టుకున్న జోస్యుడు ఉన్నాడు కదా, మిడతంభొట్లు! రెండింటికీ ఏ సంబంధమూ లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఓరుగల్లు వాసి:
మా ఇంట్లో అయితే పచ్చగా, పొడుగ్గా ఉన్న ప్రతి పురుగూ గొల్లభామే, మిడతను కూడా అట్లనే అంటారు. కాబట్టి హాల్లో సగం మందికి మీరనుకున్న బొమ్మ కళ్ళ ముందుకు రాకపోవచ్చు, అది మనసులో పెట్టుకోండి.

‘కోతి ముష్టి’ గురించి గట్టిగా చెప్పాలి. సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలే, ముష్టియుద్ధం అన్నప్పుడు మనకూ ఇబ్బంది లేదు. కానీ విడిగా ముష్టి అంటే తెలుగువాళ్ళ చెవికి అడుక్కోవడమే వినిపిస్తది. పిడికెడు బియ్యం వేయడం నుంచి ఆ అర్థం వచ్చింది. పాపం ఆ కోతి వేషం కట్టే పిల్లాడిని నలుగురిలో ఆ మాటతో పిలవకండి.

పాత పుస్తకం:
అమ్మా, మీ రెండో ప్రశ్నకు జవాబు మీ ఊళ్ళోనే ఉంది. సాము! కర్రసాము, కత్తిసాము, సాముగరిడీలు అంటాం కదా. శ్రమ అన్న సంస్కృత పదానికి తద్భవం సాము. ఒళ్ళు వంచి, అలసి, చేసి చేసి సాధించేది. ఇప్పుడు కుంగ్‌ఫూ అన్న చైనా మాట చూడండి. అందరూ దాన్ని కొట్లాట పేరనుకుంటారు గాని, అసలు అర్థం ఏళ్ళ తరబడి శ్రమపడి సంపాదించిన నేర్పు. వంట బాగా వచ్చినవాడికీ, అక్షరాలు ముత్యాల్లా రాసేవాడికీ కుంగ్‌ఫూ ఉందనే అంటారు. రెండు దేశాల్లోనూ ఈ విద్యకు కష్టం పేరే వచ్చింది. ఇంతకంటే దగ్గరి మాట మనకు దొరకదు. పులిసాము, పాముసాము, గొల్లభామ సాము అనండి, హాయిగా ఉంటుంది.

ఓరుగల్లు వాసి:
సార్, మాట బాగుంది గాని నాకొక చిక్కు కనపడుతోంది. కర్రసాము అంటే కర్రతో చేసే సాము, కత్తిసాము అంటే కత్తితో చేసేది. ఆ లెక్కన పులిసాము అంటే పులితో కుస్తీ అనుకోరా? దానికంటే పులివేషం అన్న మాట అందరికీ తెలుసు, మా దగ్గర పీర్ల పండుగకు కట్టేవారు, డప్పు మీద అడుగులు ఎంత బాగుండేవో.

వుషు అమ్మ:
మీరన్న చిక్కు గురించి రాత్రంతా ఆలోచించాను. తెలుగులో జంతువు పేరు ముందు పెట్టి ‘దానిలాగా’ అన్న అర్థం తెచ్చే మాటలు బోలెడు ఉన్నాయి. ఉడుంపట్టు అంటే ఉడుమును పట్టుకోవడం కాదు, ఉడుములా పట్టుకోవడం. కప్పగంతు, పిల్లిమొగ్గ, కొంగజపం అన్నీ అంతే. ఉడుంపట్టు అన్న మాట విని ఉడుముతో కుస్తీ అని ఎవరూ అనుకోరు. కాబట్టి పులిసాముకు మన వ్యాకరణమే తోడుంది.

పులివేషం నాకూ ఇష్టమే. కానీ అక్కడ మనిషి ఒళ్ళంతా చారలు రాసుకుని పులి అయిపోతాడు, చూసేవాళ్ళు పులినే చూడాలి. ఇక్కడ పులి నుంచి తీసుకునేది పంజా, ముందుకు దూకే తెగువ, అంతే. గ్వాంగ్‌డోంగ్ వైపు హుంగ్ కుటుంబం విద్యలో పులి, కొంగ రెండూ కలిపి కట్టిన పేరున్న విన్యాసం ఒకటి ఉంది. ఒకే మనిషి ఒక అడుగులో పంజాతో చీలుస్తాడు, మరో అడుగులో ఒంటికాలి మీద నిలబడి ముక్కులా ముడిచిన వేళ్ళతో పొడుస్తాడు. దాన్ని వేషం అంటే రెండు వేషాలు ఒకేసారి ఎలా కడతాడు?

పాత పుస్తకం:
ఉడుంపట్టు నాకు తట్టలేదు, మంచి పట్టే పట్టారు. దీనికి చైనా వైపు నుంచి ఒక మాట జోడిస్తాను. ఈ జంతు విద్యలన్నింటికీ కలిపి అక్కడ శ్యాంగ్‌శింగ్ చ్వాన్ అని పేరు, అంటే రూపాన్ని పోలిన పిడికిలి. ఇందులో పోలిక అన్న అర్థమిచ్చే శ్యాంగ్ అన్న అక్షరానికి మొదటి అర్థం ఏమిటో తెలుసా, ఏనుగు! క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో హాన్ ఫెయ్ అనే ఆలోచనాపరుడు దీనికి కారణం చెప్పాడు. బతికున్న ఏనుగును చూసినవాళ్ళు అరుదు కాబట్టి, చచ్చిన ఏనుగు ఎముకలు సంపాదించి, వాటిని బట్టి అది బతికుంటే ఎలా ఉండేదో ఊహించుకునేవారట, అందుకని మనసులో ఊహించుకున్న రూపానికల్లా శ్యాంగ్ అన్న పేరు వచ్చిందన్నాడు. అది సరైన వ్యుత్పత్తి అవునా కాదా అన్నది పక్కన పెట్టినా, మీ అమ్మాయి చేస్తున్నది సరిగ్గా అదే, లేని పురుగును ఒంట్లోకి తెచ్చుకోవడం.

హువా త్వో పేరు కూడా వ్యాఖ్యానంలో రావాలి. ఆయన మూడో శతాబ్దం మొదట్లో చనిపోయిన వైద్యుడు. పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి, ఈ అయిదింటి కదలికలతో వ్యాయామం ఏర్పరిచాడని పాత చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. తిరుగుతూ ఉండే తలుపు బందు కుళ్ళదని శిష్యుడికి చెప్పాడట, ఆ శిష్యుడు తొంభై దాటినా పళ్ళు కదలకుండా ఉన్నాడట. దాని పేరు వూ చిన్ శీ, అయిదు జీవాల ఆట. ‘చిన్’ అంటే ఈ రోజుల్లో పక్షులే, పాత భాషలో మృగాలకూ చెల్లేది. మన ‘మృగం’ సంస్కృతంలో జింకకూ, అడవి జంతువులన్నింటికీ చెల్లినట్టు. ఆయన దాన్ని యుద్ధం అనలేదు, ఆట అన్నాడు, ఆ తేడా మైకులో వినపడేలా చెప్పండి.

కొల్లేటి పిట్ట:
కొంగ దగ్గర ఎవరూ ఆగలేదు, నేను ఆగుతాను. మీ కాగితంలోని ‘తెల్ల క్రేన్ శైలి’ చైనాలో ఫూజియన్ రాష్ట్రంలోని యోంగ్‌చున్‌లో పుట్టిన బైహె చ్వాన్, దాన్ని తెల్లకొంగ అంటున్నారు. మనకు కొంగ అన్నది చాలా పెద్ద బుట్ట. పొలంలో గేదె వెనక నడిచే తెల్లది కొంగే, చెరువు గట్టున ముడుచుకుని కూర్చునేది కొంగే, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే ఎర్రకాళ్ళవీ కొంగలే. చైనావాళ్ళ ‘హె’ వేరే పక్షి. మెడ చాచి ఎగురుతుంది, నేల మీదే గూడు కడుతుంది, నూరేళ్ళ ఆయుష్షుకు గుర్తుగా దాన్ని బొమ్మల్లో వేస్తారు. దానికి మన పాత మాట బెగ్గురు. కొంగ అనగానే మనవాళ్ళకు కొంగజపం, దొంగభక్తి గుర్తొస్తాయి, అక్కడ ఆ పక్షికున్న గౌరవానికి ఇది పూర్తిగా ఎదురు.

ఆ విద్య పుట్టుక గురించి చెప్పే కథలో ఉన్నది ఒక ఆడపిల్ల, ఫాంగ్ చీ న్యాంగ్. వాలిన పక్షిని కర్రతో అదిలిస్తే, అది దెబ్బ తగలకుండా తప్పుకుంటూ రెక్కతో, ముక్కుతో జవాబు చెప్పిందట. ఆ తర్వాత ఫూజౌ వైపు దీంట్లోంచి శాఖలు కూడా వచ్చాయి, ఎగిరేది, కూసేది, మేసేది, ఒళ్ళు దులుపుకునేది అని. ఒక పక్షిని ఎన్ని రకాలుగా చూశారో చూడండి! నేను ఇరవై ఏళ్ళుగా పిట్టల్ని చూస్తున్నాను, ఆ నాలుగూ నిజంగా నాలుగు వేరువేరు కదలికలు.

వుషు అమ్మ:
బెగ్గురు అన్న మాట మా అత్తయ్యగారికి తెలుసు, మా అమ్మాయికి తెలియదు, హాల్లో పిల్లలకూ తెలియదు. అందుకని ‘బెగ్గురు కొంగ సాము’ అని రెండూ కలిపి చెబుతాను. కోతికి మాత్రం సాము కూడా అక్కర్లేదనిపించింది, కుప్పిగంతులు ఉన్నాయి కదా. హనుమంతుడి ముందా కుప్పిగంతులు అని మనం ఎత్తిపొడుపుగా అంటాం గాని, ఆ పిల్లాడు నేల మీద దొర్లి లేచి గంతేస్తుంటే ఆ మాట మెచ్చుకోలుగానే వినిపిస్తుంది.

చివరిగా ఒకటి. గొల్లభామ బండికి ముందుకాళ్ళు అడ్డం పెట్టినట్టు అని చైనాలో సామెత ఉంది, జ్వాంగ్ జ అనే పాత గ్రంథం నుంచి వచ్చింది. తన బలం తెలియనివాణ్ణి ఎగతాళి చేసే మాట, మన పొట్టేలు కొండను ఢీకొట్టినట్టు. అదే పురుగును సామెతలో వెక్కిరించి, విద్యలో గురువును చేశారు. ఇది వ్యాఖ్యానంలో పెడితే ఎక్కువవుతుందా?

గోదారి గట్టు:
పెట్టండి, కానీ ఆట అయ్యాక పెట్టండి. ఓరుగల్లు ఆయన అన్నది నిజం, గొల్లభామ అనగానే సగం మందికి మిడత కనపడుతుంది. అందుకని పేరు ముందే చదవకండి. మీ అమ్మాయి వచ్చి నిలబడి, రెండు మణికట్లూ వంచి, కొక్కేలు పైకెత్తి ఆగుతుంది చూడండి, అప్పుడు చెప్పండి ‘గొల్లభామ సాము’ అని.