జూనిపర్ వాసన రాని జిన్‌ని జిన్ అనొచ్చా?

కొత్తసీసా:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ విస్కీ మనిషిని, ఈమధ్యే జిన్ వైపు మళ్ళాను. రెండు సీసాలు తెచ్చుకున్నాను. ఒకటి లండన్ డ్రై. మూత తీయగానే చెట్టు బంక లాంటి ఘాటు. రెండోది గులాబీ రంగు, స్ట్రాబెర్రీ వాసన, కాస్త తీపి. నిజం చెప్పాలంటే రెండోదే హాయిగా దిగింది. అయితే రెండింటి మీదా జిన్ అనే రాసి ఉంది. ఈ రెండింటికీ చుట్టరికం ఏమిటో నాకు అంతుపట్టలేదు. జిన్ తాగేటప్పుడు అసలు దేన్ని పట్టుకోవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాగిబట్టీ:
దేన్ని పట్టుకోవాలో మీ ముక్కే చెప్పింది. ఆ బంక ఘాటే జూనిపర్ అనే పొద కాయలది. అది లేకపోతే జిన్ లేదు. మీ రెండో సీసాలో ఉన్నది గులాబీ వేషం కట్టిన వోడ్కా. అది తాగే బదులు షర్బత్ తాగొచ్చు.

వివరంగా చెబుతాను. జిన్‌కి మూలం న్యూట్రల్ స్పిరిట్. ధాన్యం నుంచో మరో పంట నుంచో తీసి 96 శాతం దాకా శుద్ధి చేస్తారు కాబట్టి దానికంటూ రుచి దాదాపు ఉండదు. దాన్ని నీళ్ళతో పలచన చేసి, జూనిపర్ కాయలు, ధనియాలు, ఏంజెలికా వేరు, నిమ్మ నారింజ తొక్కలు వగైరా వేసి మళ్ళీ బట్టీ పెడతారు. కొందరు దినుసుల్ని ముందే నానబెడతారు. కొందరు బుట్టలో పెట్టి ఆవిరి వాటి గుండా పోయేలా చేస్తారు. మొదట దిగేదీ చివర దిగేదీ పక్కకి తీసి నడిమి ధారే ఉంచుకుంటారు. విస్కీకైతే పీపా ఉంది. జిన్‌కి ఈ దినుసులే దిక్కు, అందులో పెద్ద పీట జూనిపర్‌ది. ఐరోపా నిబంధన 2019/787 అదే చెబుతోంది: ఆల్కహాల్ కనీసం 37.5 శాతం, రుచిలో జూనిపర్ ప్రధానం. అమెరికాలో 40 శాతం ఉండాలి, అక్కడా ప్రధాన రుచి జూనిపర్ నుంచే రావాలి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నాక చర్చ ఏముంది?

గాజుమూత:
మాకు పైన టానిక్, అదే క్వినైన్ వేసిన చేదు సోడా, ఉంటే చాలు. కింద ఏ చెట్టు ఉందో ఎవరు చూశారు.

సోడాబుడ్డి:
వచ్చేశారండీ జూనిపర్ పోలీసు. ఆయన హాయిగా దిగింది అన్నారు, మీరు షర్బత్ అన్నారు. మొదటి జవాబే ఇలా ఉంటే కొత్తవాళ్ళు ఇక్కడ ఎందుకు ఉంటారు?

చట్టం "ప్రధానం" అంది, బాగుంది. ఎంత ఉంటే ప్రధానం? తూకంలోనా, వాసనలోనా? ఏ మీటరు పెట్టి కొలుస్తారు? చివరికి ఎవరో ఒకరి నాలుకే కదా తేల్చాలి. హెండ్రిక్స్ అనే జిన్ బ్రాండు సంగతి చెప్పండి. 1999లో వచ్చింది. బట్టీ దిగాక గులాబీ, కీర దోస సారాలు కలుపుతారు. మూత తీస్తే నాకు ముందు తగిలేది కీర దోసే. దాన్నీ లెక్కలోంచి తీసేస్తారా?

రాగిబట్టీ:
హెండ్రిక్స్‌లో అడుగున జూనిపర్ గట్టిగానే ఉంది. మీకు అందకపోతే అది సీసా తప్పు కాదు బ్రదర్. పైగా బట్టీ దిగాక రుచి కలిపారు కాబట్టి వాళ్ళు లండన్ డ్రై అని రాసుకోలేదు. అదీ నిజాయితీ.

వేపచెట్టు:
లండన్ డ్రై అంటే లండన్‌లో చేసిందే కదా? స్కాట్లాండ్‌లో చేసిన హెండ్రిక్స్‌కి ఆ పేరు ఎలాగూ రాదు.

ధనియాలు:
ఆ పేరుకీ ఊరికీ సంబంధం లేదండీ. అది పద్ధతి పేరు, ఎక్కడైనా చేయొచ్చు. రుచి మొత్తం బట్టీలోనే రావాలి. ఆ తర్వాత నీళ్ళు, శుద్ధమైన స్పిరిట్, లీటరుకి 0.1 గ్రాము మించకుండా చక్కెర, అంతే. రంగు అసలే కూడదు.

అదే నిబంధనలో ఇంకో సంగతి ఉంది, రాగిబట్టీ గారు దాటేశారు. ఉత్త "జిన్" అని రాయడానికి మళ్ళీ బట్టీ పెట్టడం తప్పనిసరి కాదు. స్పిరిట్‌లో రుచి సారాలు కలిపినా చాలు. "డిస్టిల్డ్ జిన్" అంటే మళ్ళీ కాచినది, తర్వాత రుచులు కలపొచ్చు. "లండన్" అంటే అదీ కుదరదు. కాబట్టి లేబుల్ మీద జిన్ అనే మాటకి ముందు ఏముందో చూడండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

వేపచెట్టు:
లండన్ పేరు పెట్టి ఇంకెక్కడో చేస్తే అది మోసమే అంటాను నేను.

సోడాబుడ్డి:
0.1 గ్రాము! ఇంత నిష్ఠగా చేసిన జిన్‌ని ఇంటికి తెచ్చి మీరంతా ఏం పోస్తారు? టానిక్. మామూలు టానిక్‌లో లీటరుకి పదుల గ్రాముల చక్కెర ఉంటుంది. క్వినైన్ చేదు వెనక దాక్కుంటుంది కాబట్టి మీ నాలుకకి అది తీపిగా లెక్కకి రాదు. గులాబీ సీసాలో పడ్డ తీపి మాత్రం షర్బత్ అయిపోతుంది.

ఇంకోటి. డ్రై అనేది మీరు అనుకునేంత పాత సంప్రదాయం కాదు. డచ్చివాళ్ళ జెనీవర్ నుంచి వచ్చిన మందు ఇది. దాంట్లో మాల్ట్ (మొలకెత్తించిన ధాన్యం) రుచి నిండుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో చాలాకాలం నడిచింది ఓల్డ్ టామ్ అనే తీపి పడిన జిన్. ఈనియస్ కాఫీ 1830లో ఆగకుండా నడిచే బట్టీకి పేటెంట్ తీసుకున్నాకే శుభ్రమైన స్పిరిట్ విరివిగా వచ్చింది. అప్పుడు గదా తీపి వేసి లోపాలు కప్పే అవసరం తగ్గి డ్రై నిలబడింది. అంటే మీరు కాపలా కాస్తున్న డ్రై కంటే తీపి జిన్నే పెద్దది.

రాగిబట్టీ:
నేను తీపి వద్దన్నానా? ఎక్కడన్నాను, చూపించండి. ఓల్డ్ టామ్ నాకూ ఇష్టమే, దాంట్లో జూనిపర్ ఉంది. నా మాట జూనిపర్ గురించి, మీరు చక్కెర పట్టుకుని వేలాడుతున్నారు.

చరిత్ర మీరే తెచ్చారు కాబట్టి వినండి. 18వ శతాబ్దంలో లండన్‌ని జిన్ ముంచెత్తినప్పుడు వీధి సరుకులో జూనిపర్ బదులు పెయింటు పలచన చేసే టర్పెంటైన్ కలిపేవాళ్ళు. సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా. కొనేవాడికి జిన్ అని చెప్పేవాళ్ళు. 1736లో ఒక చట్టం తెచ్చారు, అది విఫలమైంది. 1751లో మళ్ళీ తెచ్చారు. పేరుకి విలువ లేకపోతే సీసాలోకి ఏమైనా వస్తుంది. ఈరోజు టర్పెంటైన్ రాదు, స్ట్రాబెర్రీ ఎసెన్సు వస్తుంది. దారి అదే.

ధనియాలు:
ఒక చిన్న మాట. టర్పెంటైన్ ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. జూనిపర్‌లో ముఖ్యమైన వాసన పదార్థం ఆల్ఫా పైనీన్. పైన్ బంకలోంచి తీసే టర్పెంటైన్‌లోనూ అదే ఎక్కువ. ముక్కుని మోసం చేయడానికి అంతకంటే చవకైనది దొరకలేదు. కొత్తసీసా గారికి చెట్టు బంక గుర్తొచ్చిందంటే ముక్కు సరిగ్గానే పనిచేస్తోంది.

గాజుమూత:
అయితే పెయింటు డబ్బాలో ఐసు వేసుకుంటే సరిపోతుంది.

మూడోపెగ్గు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా నీలం జిన్ టానిక్ పోయగానే ఊదా గులాబీగా మారింది. పాడైందా?

ధనియాలు:
పాడవలేదు. అందులో శంఖపుష్పం రంగు వేసి ఉంటారు. పులుపు తగిలితే నీలం అలా మారుతుంది, టానిక్‌లో ఆమ్లం ఉంది కాబట్టి. రుచికి దానివల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు.

రాగిబట్టీ:
చూశారా, ఇదీ పరిస్థితి. రుచికి ఏమీ ఒరగదు, రంగు మారితే చాలు.

నా కథ చెబుతాను. మా బావగారు జిన్ బాగా తాగే మనిషి. ఆయన పుట్టినరోజుకి ఒక సీసా కొన్నాను. దుకాణంలో అడిగితే "టాప్ క్లాస్ జిన్ సార్, లెమన్ టచ్" అన్నాడు. ఇంట్లో మూత తీస్తే నేల తుడిచే ద్రవం వాసన. బావగారు మర్యాదస్తుడు, ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు. అక్కయ్య మాత్రం అందరి ముందూ "తమ్ముడూ, నీకు ఎవరో అంటగట్టార్రా" అంది. లేబుల్ మీద జిన్ అనే ఉంది మరి. నేనెవర్ని తిట్టాలి?

సోడాబుడ్డి:
దుకాణంవాడిని తిట్టండి. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళని కాదు.

రాగిబట్టీ:
నాలుకకి శిక్షణ లేనివాళ్ళు ఎగబడి కొంటేనే ఆ చెత్త తయారవుతుంది బ్రదర్. డిమాండ్ లేకపోతే వాళ్ళెందుకు చేస్తారు?

సోడాబుడ్డి:
ఇప్పుడొచ్చింది బయటికి. నాలుకకి శిక్షణ! మీకు ఎవరిచ్చారు పట్టా? జూనిపర్ చెట్టు ఇచ్చిందా? ఈ చర్చ మొదలైనప్పటి నుంచీ మీరు చెబుతున్నది ఒకటే, మీకు రుచి తెలుసు, మిగతావాళ్ళకి తెలియదు.

రాగిబట్టీ:
తెలియనివాళ్ళకి తెలియదనే చెబుతారు. మీకు దమ్ముంటే నల్ల గ్లాసుల్లో పోయించుకుని, రంగు కనబడకుండా ఆ గులాబీది జిన్ అని గుర్తుపట్టండి. అప్పుడు మాట్లాడదాం.

నిర్వాహకులు:
ఇద్దరూ కాస్త తగ్గండి. సవాళ్ళు వద్దు, విషయం మీద మాట్లాడండి.

సోడాబుడ్డి:
విషయమే చెబుతున్నాను. ముందుగా, బ్రదర్ అనడం మానండి, నేను ఆడమనిషిని.

స్నేహితురాళ్ళతో ఒక జిన్ రుచి చూపే కార్యక్రమానికి వెళ్ళాను. బల్ల మీద ఏడెనిమిది రకాలు పెట్టారు. నాకు నచ్చింది ఏదని అడిగితే పళ్ళ వాసన ఉన్నదాన్ని చూపించాను. నడిపిస్తున్నాయన నవ్వి, "అది లేడీస్ కోసం మేడమ్, అసలు జిన్ ఇటు ఉంది" అన్నాడు. పక్కన మగవాళ్ళంతా నవ్వారు. తమాషా ఏమిటంటే, వాళ్ళలో సగంమంది అసలు జిన్ వాసన చూసి మొహం చిట్లించినవాళ్ళే. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు.

ఇదీ పాత రోగమే. 1751లో హోగార్త్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన జిన్ లేన్ బొమ్మలో మధ్యలో ఎవరున్నారు? తాగి మెట్ల మీద పడున్న తల్లి, చేతిలోంచి జారిపోతున్న బిడ్డ. అప్పుడు జిన్ అంటేనే ఆడవాళ్ళు చెడిపోయే మందు అన్నారు. జిన్‌కి గౌరవం వచ్చాక అసలు జిన్ మగవాళ్ళదైంది, మాకు గులాబీ సీసా మిగిలింది. మీరు షర్బత్ అనగానే నాకు ఆయన నవ్వు వినిపించింది. జూనిపర్ ఎంత శాతం ఉందో నాకు అనవసరం.

వేపచెట్టు:
గులాబీ జిన్ అంటే అసలు ఆంగోస్టురా బిట్టర్స్ అనే చేదు సారం చుక్కలు వేసిన జిన్. బ్రిటిష్ నావికాదళంవాళ్ళు తాగేది. చేదుగా ఉంటుంది. దానికీ స్ట్రాబెర్రీకీ సంబంధం లేదు.

సోడాబుడ్డి:
నేనేం చెప్పాను, మీరేం పట్టుకున్నారు.

రాగిబట్టీ:
మేడమ్, ఆ నవ్వినవాడు నేను కాదు. వాడి లెక్క నా ఖాతాలో వేయకండి. ఆడవాళ్ళు మగవాళ్ళు అని నేను ఒక్క ముక్క అనలేదు.

మీకు గులాబీది నచ్చితే తాగండి, నాకు పట్టదు. నా గొడవ అమ్మేవాడితో. "పళ్ళ రుచి స్పిరిట్" అని రాసి అమ్మమనండి, నోరెత్తను. స్లో అనే అడవి పండుతో చేసే స్లో జిన్ చూడండి, ఆల్కహాల్ 25 శాతం ఉన్నా చాలు, అది లిక్యూర్, అంటే తీపి మందు అని అందరికీ తెలుసు, దానిమీద ఎవరూ గొడవపడరు. జిన్ అనే పేరు మీద నమ్మకంతో డబ్బు తీసేవాడికి జిన్ ఇవ్వాలి. మా బావగారి దగ్గర నాకు పోయిన పరువు ఇప్పటికీ తిరిగి రాలేదు, ఎప్పుడు వెళ్ళినా అక్కయ్య ఎత్తుతూనే ఉంటుంది.

సోడాబుడ్డి:
అమ్మేవాడితో గొడవైతే మొదటి జవాబులో అమ్మేవాడి గురించే ఉండేది. "అది తాగే బదులు" అని తాగేవాళ్ళతో మొదలుపెట్టారు. "నాలుకకి శిక్షణ లేనివాళ్ళు" అన్నదీ తాగేవాళ్ళనే. లేబుల్ కఠినంగా ఉండాలంటే నేనూ చెయ్యెత్తుతాను. కానీ మీకు ఎదురొచ్చే మనిషిని చిన్నబుచ్చకుండా ఆ మాట చెప్పడం రాదు.

రాగిబట్టీ:
మెత్తగా చెబితే ఎవరూ వినరు, అదీ నా అనుభవం.

గాజుమూత:
ఇద్దరూ లేబుల్ దగ్గర ఒప్పుకున్నారు కదా, ఇంకా ఎందుకు పోట్లాట?

రాగిబట్టీ:
ఒప్పుకోలేదు. ఆవిడ చెయ్యెత్తుతానంది, అంతే.

ధనియాలు:
కొత్తసీసా గారూ, మీ ప్రశ్న గాలికి పోయింది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఇలా చూడండి. ఐసు, టానిక్ వద్దు. చల్లదనం వాసనని అణిచేస్తుంది. మామూలు వేడిమిలో కొంచెం పోసి ముందు వాసన చూడండి, తర్వాత సమానంగా నీళ్ళు కలపండి. ఆల్కహాల్ మంట తగ్గి దినుసులు విడివిడిగా తెలుస్తాయి. ముందు వచ్చేది జూనిపర్ బంక, నిమ్మ తొక్క. తర్వాత ధనియాల నుంచి వచ్చే లినలూల్ అనే వాసన పదార్థం, కొంచెం పూల వాసన, కొంచెం నిమ్మ. చివర్లో వేర్ల మట్టి వాసన, పొడిదనం. కొన్ని జిన్లు నీళ్ళు పడగానే పాలలా మసకబారుతాయి. నీళ్ళలో కరగని నూనెలు ఎక్కువ ఉన్నాయని అర్థం, లోపం కాదు. గులాబీ దాంట్లో ఈ వరసలో ఏది దొరికిందో, ఏది దొరకలేదో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత టానిక్ పోసుకోండి.

కొత్తసీసా:
థాంక్సండీ. టానిక్ ఎంత పోయాలి?

రాగిబట్టీ:
ఒకటికి రెండు. అంతకు మించితే జిన్ కొనడం దండగ.

సోడాబుడ్డి:
ఒకటికి మూడు. రెండు పోస్తే మొదటి గ్లాసుకే మత్తెక్కి రెండోదాంట్లో ఏ జూనిపరూ తెలియదు.

రాగిబట్టీ:
57 శాతం నేవీ స్ట్రెంత్‌కి మూడు సరే. 40కి మూడు పోస్తే మిగిలేది చక్కెర నీళ్ళు, మీరే లెక్క చెప్పారు.

నిర్వాహకులు:
టానిక్ కొలతలకి వేరే చర్చ తెరవండి.

సోడాబుడ్డి:
తెరిచాను. రాగిబట్టీ గారూ, అక్కడికి రండి.