పిడిలో గీత కనిపిస్తే అది పగులా, పదార్థం గుణమా?

కొమ్ముపిడి:
ఒక కస్టమ్ కత్తి కొన్నానండి, పిడి మ్యామత్ (ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు) దంతం. ఫొటోల్లో ఏమీ కనపడలేదు, చేతికొచ్చాక చూస్తే ఎడమ పలకలో (ఉక్కుకి ఒక పక్కన ఉండే పిడి ముక్క) వెనక పిన్ను (పలకని ఉక్కుకి బిగించే లోహపు మేకు) దగ్గర మొదలై అంచు వైపు వెంట్రుకంత గీత. అమ్మినాయన్ని అడిగితే "పది వేల ఏళ్లకి పైగా మట్టిలో ఉన్న దంతం, గీతలు లేకుండా ఎలా ఉంటుంది, అదే దాని అందం" అంటున్నాడు. నాకు ఆ సమాధానం మింగుడుపడట్లేదు, అలాగని తప్పు అని గట్టిగా చెప్పడానికీ తెలియట్లేదు. వెనక్కి పంపడానికి ఇంకా మూడు రోజులుంది. మీరేమంటారు?

పాతఉక్కు:
పగులు అంటే పగులే. కొత్త కత్తి అని డబ్బు తీసుకున్నాక అందం, స్వభావం అని కబుర్లు చెప్తే ఎలా. రేపు నువ్వు అమ్మబోతే కొనేవాడు ఆ గీతే చూపించి ధర కోస్తాడు, అప్పుడు పది వేల ఏళ్ల కథ వినడు. పంపెయ్ తమ్ముడూ.

సానరాయి:
అన్నా, అన్నీ ఒకే గాట కట్టేస్తే మ్యామత్ దంతం, జింక కొమ్ము, ఇనుప కలప (ఐరన్‌వుడ్, బాగా గట్టి చెక్క) ఇవేవీ ఎవరూ కొనలేరు. గీత ఉందా లేదా అని కాదు, ఎక్కడ మొదలైంది, ఇంకా కదులుతోందా అని చూడాలి. దంతం పొరలు పొరలుగా పెరుగుతుంది, ఒకదాంట్లో ఒకటి గరాటులు దూర్చినట్టు, మట్టిలోంచి తీసి ఆరేటప్పుడు ఆ పొరల వెంటే నెర్రెలిస్తుంది. అలాంటి గీత పొర వెంట సాగి మధ్యలో సన్నబడి ఆగిపోతుంది, దాని అంచులు పాతబడి మెత్తగా ఉంటాయి, లోపల మట్టి రంగు కూడా ఉండొచ్చు. దాన్ని నేను తప్పు పట్టను. కానీ పిన్ను రంధ్రంలోంచి పుట్టిన గీత వేరే సంగతి. పలక గాలిలో తేమని బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది, కింద ఉక్కు మాత్రం తేమకి కదలదు, పిన్ను ఆ రెంటినీ కలిపి బిగించేసి ఉంటుంది కదా, రంధ్రం అంచుకి మరీ దగ్గరగా వేసినా, పిన్ను తల సుత్తితో ఎక్కువ కొట్టినా చీలిక అక్కడే మొదలవుతుంది. అది దంతం గుణం కాదు, పనిలో లోపం.

చెక్క పిడైతే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి పొడవునా 0.1 శాతం అటూ ఇటూ తగ్గుతుంది, అడ్డంగా, వలయాల వెంట కొలిస్తే, చాలా రకాల్లో 5 నుంచి 10 శాతం. నా దగ్గర ఒక ఇనుప కలప పిడి ఉంది, అంత బరువైన నూనె కలపే, గదిలో హీటర్ నడిచిన నెలల్లో వెన్ను మీద బొటనవేలు రాస్తే ఉక్కు అంచు చెక్క కంటే పైకి తగిలేది, గాలిలో తేమ పెరిగాక మళ్లీ సమానమైపోయింది. చీలలేదు, ఎందుకంటే చేసినాయన ఆ కదలికకి చోటు వదిలాడు. జింక కొమ్ములో పైన పొడవునా ఉండే గాడులు సహజం, చివర కనిపించే స్పాంజి లాంటి భాగం కూడా సహజం, ఆ గాడులని అడ్డంగా కోసుకుంటూ వెళ్లే గీత ఉంటేనే భయపడాలి. ముత్యపు చిప్ప తేమకి పెద్దగా కదలదు, అందుకే దాంట్లో కొత్త పగులుంటే నేను దెబ్బ తగిలిందనో, పిన్ను బిగింపనో అనుకుంటా, స్వభావం అనే మాట అక్కడ చెల్లదు.

నువ్వు ఒక పని చెయ్. గీత మీద అడ్డంగా గోరు నడుపు, గీతలో ఇరుక్కుని ఆగుతుందా చూడు. 10 రెట్లు పెద్దగా చూపించే లూప్‌తో (చిన్న భూతద్దం) పిన్ను చుట్టూ చూడు. టార్చి పక్క నుంచి వంచి వెయ్యి.

కొమ్ముపిడి:
చేశానండి. గోరు ఎక్కడా ఆగట్లేదు. కానీ టార్చి పక్కనుంచి వేస్తే గీత పొడవునా అద్దంలా మెరుస్తోంది, దంతం మాత్రం మెరవట్లేదు. లూప్‌లో పిన్నుకి రెండో వైపు కూడా చిన్న గీత కనిపించింది, అంటే పిన్నుకి అటూ ఇటూ ఉన్నట్టే.

పాతఉక్కు:
చూశావా, జిగురు పోసి దాచారు.

సానరాయి:
దాచారు అని ఇప్పుడే అనొద్దు. మ్యామత్ దంతంలో పల్చటి సూపర్ గ్లూ ఇంకించడం చాలామంది చేసే పనే, అది గీతలోకి తనంతట తనే పాకి పదార్థాన్ని కలిపి ఉంచుతుంది, మంచి పనివాళ్లూ చేస్తారు. గ్లూ తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. "పలానా చోట పాత గీత ఉంది, నింపాను" అని ఒక్క వాక్యం రాస్తే కొనేవాడు తెలిసే కొనేవాడు. నీ విషయంలో పిన్నుకి రెండు వైపులా ఒకే వరసలో గీతలున్నాయంటే అది పాత నెర్రె కాదనే నా నమ్మకం, ఆ గ్లూ ఇవాళ పట్టుకున్నా పొడి గాలి తగిలితే దాని పక్కనే ఇంకోటి పుట్టొచ్చు.

పాతఉక్కు:
ఆ తేడా ఒప్పుకుంటా. పొర వెంట సాగే పాత గీతకి నేను కూడా ధర తగ్గించమనను, ముందే చెప్తే. కానీ పిన్ను నుంచి వచ్చినదానికి రిపేర్ అనే మాటే లేదు నా దృష్టిలో, పలక మార్చాల్సిందే, రెండో వైపు పలకకి రంగు, చారలు కలవవు, అప్పుడు అది చేసినప్పటి కత్తి కాదు. సేకరణకి అంతకంటే నష్టం ఏముంటుంది.

సానరాయి:
అదీ నిజమే. అందుకే మూడు రోజుల్లో తేల్చుకోవడమే మంచిది. పక్కన స్కేలు పెట్టి గీత రెండు కొనలూ కనపడేట్టు ఫొటో తీసి అమ్మినాయనకి పంపు, పిన్ను దగ్గర మొదలైందని, నింపి ఉందని రాయి, వయసు గురించి వాదించకు. ఈలోపు నూనె రాయకు, ఎండలో పెట్టకు, తోలు ఒరలో కూడా వద్దు, కాగితంలో చుట్టి ఉంచు.

కొమ్ముపిడి:
ఫొటోలు పంపానండి. గీత 11 మిల్లీమీటర్లు వచ్చింది. "పిన్ను వేసినప్పుడు చిన్న శబ్దం వచ్చింది, గ్లూ వేశాను, చెప్పాల్సింది" అని రాశాడు. డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. రేపు ప్యాక్ చేస్తున్నా.