నవ్వితే మూతి ఒక పక్కకే పోతోంది, "పాజిటివ్‌గా ఉండు" అంటే ఎలా?

ప్రశ్న: తెనాలి టీచర్

సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి కుడి మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఎడమ పక్కకి లాగేసి ఉంది, కుడి కన్ను మూతపడటం లేదు. పక్షవాతమేమోనని ఇంట్లో అందరూ హడలిపోయారు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్తే బెల్స్ పాల్సీ అన్నారు, ముఖానికి వెళ్లే నరం వాచిందట. స్టెరాయిడ్ మాత్రలు అయిపోయాయి, ఇప్పుడు ఫిజియోథెరపీ నడుస్తోంది. మాట బాగానే వస్తోంది, అన్నం తినగలుగుతున్నాను. నవ్వు ఒక్కటే రాలేదు. ఎడమ పక్క మాత్రమే లేచి, ఎదుటివాళ్లని వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది.

నేను ఒకటో తరగతికి చెబుతాను. ఆ వయసు పిల్లలు పలక చూపించి ముందు నా మొహంలోకే చూస్తారు, తప్పో ఒప్పో అక్కడే తెలుసుకుంటారు. ఇప్పుడు మాస్కు పెట్టుకుని క్లాసుకి వెళ్తున్నాను. స్టాఫ్ రూములో అందరూ "పాజిటివ్‌గా ఉండు, నవ్వుతూ ఉండు, అదే తగ్గిపోతుంది" అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు, కానీ నవ్వే రానిదాన్ని నవ్వుతూ ఎలా ఉండను? నవ్వితే మనసు బాగుపడుతుందన్న మాటలో నిజం ఎంత? దీన్ని దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పార్కు వాకర్, విశాఖ

అమ్మా, మా కాలనీ పార్కులో పొద్దున్నే లాఫింగ్ క్లబ్ జరుగుతుంది. 1995లో ముంబైలో మదన్ కటారియా అనే డాక్టర్ ఒక పార్కులో ఐదుగురితో మొదలుపెట్టిన పద్ధతే. జోకులేమీ ఉండవు. చప్పట్లు కొడుతూ హో హో హా హా అని కావాలనే నవ్వుతాం, కాసేపటికి ఒకరినొకరు చూసుకుని నిజంగానే నవ్వొచ్చేస్తుంది. మా ఆవిడ పోయాక నన్ను మళ్లీ మనుషుల్లో పడేసింది ఆ గుంపే. మీ మూతి సంగతి అక్కడ ఎవరూ పట్టించుకోరు. మీ ఊళ్లో ఉందేమో కనుక్కోండి.

కాజీపేట కండక్టర్

టీచరమ్మా, నేను వరంగల్‌ల ఆర్టీసీ కండక్టర్ చేసి రిటైర్ అయిన. 2017ల సర్వీసుల ఉన్నప్పుడే నాకు ఇదే వచ్చింది, ఎడమ దిక్కు. కొన్ని రోజులు సెలవు పెట్టి మళ్ల సిటీ బస్సెక్కిన. కండక్టర్‌కు టికెట్ కొట్టే మిషన్, టిమ్ము, ఎంత అవసరమో నవ్వు గంతే అవసరం. చిల్లర లేకపోతే టికెట్ వెనకాల రాసిచ్చి, జర నవ్వి "దిగేటప్పుడు తీస్కో అమ్మా" అంటె ఎవరూ ఏమనరు. అదే మాట నవ్వు లేకుంట అంటె కొట్లాటనే. నా వంకర నవ్వు చూసి ఒకాయన "ఏం, ఎక్కిరిస్తున్నవా" అని మీదికొచ్చిండు కూడ. అప్పటి సంది ముందుగాలనే చెప్పుడు మొదలుపెట్టిన: "అన్నా, మూతి వంకర పోయింది, నేను నవ్వుతనే ఉన్న." ఆ ఒక్క మాటతోని బస్సంత సల్లవడేది. హన్మకొండ చౌరస్తల ఎక్కే పూలమ్మే అమ్మ రోజూ టికెట్ తీస్కుంట నా మొఖం దిక్కు చూసి, "ఇయ్యాల జర పైకి లేసింది బిడ్డా" అని చెప్పేది. డాక్టర్ కన్న ముందు ఆమెకే తెలిసేది.

నవ్వుల మూతి కన్న కన్ను ఎక్కువ పని చేస్తది. 1862లనే ఫ్రాన్స్ డాక్టర్ డుషెన్ రాసిండు, మూతి మూలలను మనం కావాలని లేపగలం గని, కన్ను చుట్టున్న కండరం లోపల సంతోషం ఉంటెనే కదుల్తదని. మాస్కు పెట్టుకున్నా మీ ఎడమ కన్ను నవ్వుతనే ఉంటది. పిల్లలకు అది అందుతది.

ఇగ నవ్వితే మనసు బాగైతదా అన్నరు. మా బిడ్డ సైకాలజీ చదివింది, ఆమె చూపించింది. 2022ల వచ్చిన ఒక పరిశోధనల 19 దేశాల నుంచి 3,878 మందిని తీస్కున్నరు. నవ్వు మొఖం పెట్టమంటె సంతోషం కొంచెం పెరిగింది. కొంచెమే. పళ్ల నడుమ పెన్ను పట్టించి చేసినదాంట్ల గట్టిగ ఏం తేలలేదు. కాబట్టి నవ్వుతోని నరం బాగైతదని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి. నరం టైం నరం తీస్కుంటది, శానా మందికి మళ్ల వస్తది. నవ్వు చేసేది వేరే పని, అది మనిషిని నలుగుట్ల ఉంచుతది. నాకైతే ఇంట్ల కూసున్న రోజుల కన్న బస్సుల తిరిగిన రోజులే మంచిగ గడిచినయి. ఏడుపొచ్చిన రోజు ఏడ్వుండ్రి. ఏడ్చినంక కంట్ల చుక్కలు ఏసుకునుడు మాత్రం మర్వకుండ్రి. నేను పాజిటివ్ అనేది దీన్నే.

ఫిజియో, రాజమండ్రి

ఒక జాగ్రత్త చెప్పాలి. లాఫింగ్ క్లబ్‌కి సరదాగా వెళ్లండి గానీ, పగలబడి నవ్వే వ్యాయామం ఇప్పుడే వద్దు. గట్టిగా నవ్వితే బాగున్న పక్క ఇంకా లాగేస్తుంది. కోలుకునే నరం ఒక్కోసారి దారి తప్పి పెరుగుతుంది, అలాంటప్పుడు నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుపోతుంది. అద్దం ముందు కూర్చుని, ఎడమ పెదవి మూలను వేలితో ఆపి, కుడి పక్క ఎంత లేస్తే అంతే, చిన్నగా, నెమ్మదిగా చెయ్యండి. అలిసిపోకముందే ఆపండి. మూడు నెలలు దాటినా కదలిక రాకపోతే న్యూరాలజిస్టుకి చూపించుకోండి.

ఇది చదివే మిగతావాళ్లకి: బెల్స్ పాల్సీలో ఆ పక్క నుదురు కూడా ముడత పడదు, స్ట్రోక్‌లో మామూలుగా పడుతుంది. అయినా తేడా మీరే తేల్చుకుంటూ కూర్చోవద్దు. మూతి ఉన్నట్టుండి వంకరపోతే, అందులోనూ చెయ్యి పట్టు తప్పినా మాట తడబడినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తెనాలి టీచర్

అందరికీ దండాలు. కండక్టర్ గారూ, మీ మాట పట్టుకుని సోమవారం మాస్కు తీసేస్తాను. "టీచర్ బుగ్గలో నరానికి బాగాలేదు, నేను నవ్వితే ఇలా ఉంటుంది" అని పిల్లలకి నవ్వి చూపిస్తాను. ఒక్క సందేహం. రాత్రిపూట కుడి కన్ను ఇంకా సగమే మూతపడుతోంది. టేపు వెయ్యమన్నారు, వేస్తే తెల్లారేసరికి ఊడిపోతోంది. మీరేం వాడారు?

కాజీపేట కండక్టర్

మెడికల్ షాపుల మైక్రోపోర్ అని అడుగుండ్రి, కాగితం టేపు. డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ కంట్ల పెట్టుకున్నంక రెప్ప మీద అంటిన జిడ్డును దూదితోని తుడువుండ్రి, ఆ జిడ్డుకే ఊడిపోతది. రెప్పను వేలితోని పూర్తిగ మూసి అప్పుడు అంటించుండ్రి. సగం తెరిచిన కన్ను మీద ఏస్తే కనుగుడ్డు గీసుకుపోతది, పైలం.